రాజేశం చేతి బోణీ

1967 నవంబరు 12, ఆదివారం, కరీంనగరం. రాజేశం మంచం దగ్గర ఉన్నవారు: భార్య లచ్చవ్వ, సిరిసిల్ల నుంచి ముందురోజు వచ్చిన కొడుకు మల్లేశం, దవాఖాన పెద్ద డాక్టరు గారు, మా చిన్నమ్మాయి సుగుణ, నేను. పొద్దెక్కిన తరువాత లచ్చవ్వ చెంచాతో పోసిన నీళ్లు పెదవి చివర నుంచి జారిపోయాయి. డాక్టరు గారు నాడి పట్టుకుని కొంతసేపు అలాగే కూర్చున్నారు. ఆ చేతిని మెల్లగా దుప్పటి మీద ఉంచి లేచి నిలబడ్డారు. ఎవరికీ ఏమీ చెప్పనక్కర లేకపోయింది.

నెలల తరబడి భయపడుతూ వచ్చిన వార్తే. రాజేశం నాకంటే పదిహేనేళ్లు చిన్నవాడు. నేను పోయిన నాడు నాలుగు మాటలు చెప్పడానికి అతడు ఉంటాడని ధీమాగా ఉన్నవాణ్ణి. ఇప్పుడు అతని గురించి నన్ను రాయమని దవాఖాన మిత్రులు అడిగారు. నలభై ఏళ్లుగా దినచర్య రాస్తున్నవాణ్ణి కనుక తారీఖులు తప్పిపోవని వారి నమ్మకం. తారీఖులు నా దగ్గర భద్రంగానే ఉన్నాయి. మనిషిని మాత్రం జ్ఞాపకంలో నుంచే తీయాలి.

పోలీసు చర్య జరిగిన మరుసటేడు మా దవాఖానకు ఎక్స్-రే మిషను వచ్చింది. నేనప్పుడు స్టోరు గుమాస్తాను. ఆనాటి నా డైరీ ఉర్దూలో ఉంది; మా తరం చదువంతా ఆ భాషలోనే సాగింది. పెట్టెలు దించడానికి వచ్చిన కూలీల్లో సిరిసిల్ల పద్మశాలీల పిల్లవాడు ఒకడు మెట్రిక్ పాసయ్యాడని తెలిసి డాక్టరు గారు ఆశ్చర్యపోయారు. మెట్రిక్ పాసై మగ్గం గుంటలో కూర్చున్నవాడు, గుంట వదిలి పని వెతుక్కుంటూ వచ్చినవాడు. ఆయనే అతన్ని హైదరాబాదు పంపి ఆ పని నేర్పించారు. తిరిగి వచ్చిన నాటి నుంచి అతడు మా జిల్లాకంతా ఎక్స్-రే రాజేశం.

ఆ మిషనుతో రెండు పనులు చేసేవారు. ఒకటి ఫిల్ము తీయడం. రెండవది స్క్రీనింగు. రోగిని మిషనుకూ తెరకూ మధ్య నిలబెట్టి, కిరణాలు ప్రసరిస్తూ ఉండగానే ఊపిరితిత్తులు కదలడం, మింగిన తెల్లమందు గొంతు దిగడం కళ్లారా చూడవచ్చు. మొదటిసారి తెర మీద ప్రక్కటెముకలను చూసి రాజేశం, "పడుగు వోసినట్టే ఉన్నయ్ సార్. తెగిన పోగు దొర్కకుంట పోతదా," అన్నాడట. డాక్టరు గారు ఈ మాటను వచ్చిన ప్రతి అతిథికీ చెప్పేవారు.

ఆ తెర వెలుగు మిక్కిలి బలహీనం. దాన్ని చదవాలంటే ముందు కళ్లు చీకటికి అలవాటు పడాలి. పావుగంటకు పైగా చీకట్లో కూర్చోవాలి, లేదా ఎర్ర కళ్లద్దాలు పెట్టుకుని తిరగాలి. రాజేశం ఇంటి దగ్గరే అద్దాలు పెట్టుకుని బజారు మీదుగా దవాఖానకు నడిచి వచ్చేవాడు. జనం అతనికి కండ్లకలక అనుకుని ముఖాలు తిప్పుకునేవారు. కలక వచ్చినవాణ్ణి చూస్తేనే అంటుకుంటుందని మా వైపు నమ్మకం. కూరగాయలమ్మే ముసలమ్మ ఒకరోజు కొంగు కళ్లకు అడ్డం పెట్టుకుని నిలదీసింది.

"ఓ రాజేశం, కలక తోటి ఇంట్ల పండక బజార్ల ఎందుకు తిరుగుతున్నవ్? మాకందరికి అంటియ్యనీకా?"

"కలక గాదు పెద్దవ్వా. దవాఖానకు చీకటి మోసుకపోతున్న."

"చీకటి మోసేటోనివైతే అమాసకన్న సెలవు తీస్కో బిడ్డా," అంది ఆమె. ఆ మాట బజారంతా పాకింది. తరువాత ముఖాలు తిప్పుకోవడం మానేశారు కాని, ఆ మిషను కళ్లను తినేస్తుందనే గుసగుస మాత్రం నిలిచిపోయింది.

చీకటి గదిలో అతని పద్ధతి ఒకటుండేది. రోగి లోపలికి వచ్చినప్పటి నుంచి బయటికి పోయేదాకా ఆగకుండా మాట్లాడేవాడు. తానెక్కడ ఉన్నదీ రోగికి తెలుస్తూ ఉండాలని. ఉట్నూరు అడవి పల్లె నుంచి ఒక ముసలాయనను జీపులో తెచ్చారు. లైటు ఆర్పగానే ఆయన తలుపు వెతుక్కోసాగాడు. నేను స్టోరు సామాను అప్పజెప్పడానికి వెళ్లి లోపలే చిక్కుకుపోయాను గనుక ఈ సంభాషణ నా చెవులతో విన్నదే.

"కాయ్ దిసత్ నాహీ బాబా," అన్నాడు ముసలాయన మరాఠీలో. ఏమీ కనబడడం లేదని.

"నాకు గూడ దిసత్ నాహీ తాతా. ఇద్దరం ఒక్కటే. జర ఆగితే నాకు కనవడుతది, గప్పుడు నీకు చెప్త."

"ఏం కనవడుతది?"

"నీ గుండెకాయ."

ముసలాయన గొంతు దగ్గరికి వచ్చింది. "ఉన్నదో లేదో చూడు. మా ముసల్ది లేదంటది."

చీకట్లో ముందు నవ్వింది డాక్టరు గారు. ఆ తరువాత ముసలాయన తనంతట తానే కదలకుండా నిలబడ్డాడు. ఎంత పని ఒత్తిడి ఉన్నా రాజేశం ఎవరినీ త్వరపెట్టేవాడు కాదు. "చీకటికి తొందర వెట్టొద్దు సార్," అనేవాడు డాక్టరు గారితో కూడా. ఆయన వెలిగించని సిగరెట్టును వేళ్ల మధ్య తిప్పుకుంటూ బెంచీ మీద బుద్ధిగా కూర్చునేవారు.

ఇక అతని బోణీ సంగతి రాయాలి. రాయడానికి చేయి వెనుకాడుతున్నది.

ప్రతి ఉదయం మిషను పెట్టగానే రాజేశం తన ఎడమచేతిని తెర వెనుక ఉంచేవాడు. వేళ్ల ఎముకలు స్పష్టంగా కనబడితే ఆ రోజుకు మిషను సక్రమంగా ఉన్నట్టు. ఆ కాలంలో చాలాచోట్ల ఇలాగే చేసేవారని తరువాత విన్నాను. కాని మనవాడు దానికి మన బజారు ఆచారాన్ని జోడించాడు. దుకాణంలో తొలి బేరం మంచి చేతితో జరగాలి కదా.

"బీమారున్న మనిషి తోటి మొదలువెడితే దినమంత గదే లెక్క నడుస్తది అన్నా. నా చేతికి ఏ బీమారి లేదు. అందుకే బోణీ నాది," అని నాతో అన్నాడు.

రోగులకూ ఇది నచ్చింది. వరండాలో కూర్చున్నవాళ్లు "బోణీ అయిందా సారూ?" అని అడిగి, అయిందంటే తప్ప లోపలికి వచ్చేవారు కారు. ఎముక కుదర్చవలసిన పసిపిల్లలను కూడా తెర ముందు అతడే ఉత్త చేతులతో పట్టుకునేవాడు. మిషనుతో పాటు వచ్చిన సీసపు చేతితొడుగులు బరువుగా, మొద్దుగా ఉండేవి. వాటితో పట్టుకుంటే పిల్లవాడి చేయి ఎక్కడుందో తెలియడం లేదని తీసి పక్కన పెట్టేవాడు.

కొన్నేళ్లకు ఆ చేతి గోళ్లు నల్లబడ్డాయి. చర్మం ఎండి పగుళ్లు వేసింది. ఫిల్ములు కడిగే మందు పడలేదని అతడన్నాడు, మేమందరం ఔనన్నాం. లచ్చవ్వ కొబ్బరినూనె రాసేది. హైదరాబాదు నుంచి మిషను చూడడానికి వచ్చిన ఒక డాక్టరు ఆ చేతిని పట్టుకుని వెలుతురులోకి తీసుకుపోయాడు.

"ఎన్నాళ్ల నుంచి పెడుతున్నావు ఈ చేయి?"

"మిషను వచ్చినకాడికెల్లి సార్."

ఆ రోజుతో బోణీ ఆగిపోయింది. చేతికి బదులు కసాయి దుకాణం నుంచి తెచ్చి ఎండబెట్టిన గొర్రె ఎముకతో మిషనును పరీక్షించాలని ఉత్తర్వు. వచ్చిన ప్రతి వస్తువునూ నేను ఏదో ఒక పద్దు కింద రాసుకోవాలి.

"రాజేశం, గీ బొక్కను యాడ రాయాలె? మందులల్లనా, సామాన్లల్లనా?"

"సిబ్బందిల రాయి అన్నా. నా జాగల కొలువు చేస్తున్నది గదా."

అప్పుడు నవ్వుకున్నాం. మరుసటేడు హైదరాబాదులో అతని రెండు వేళ్ల కొసలు తీసేశారు.

అయినా అతడు ఆ పని మీద నమ్మకం పోగొట్టుకోలేదు. అతని బాధ వేరే వైపు తిరిగింది. హుస్నాబాద్ నుంచి ఒక రైతు ఇల్లాలు దగ్గుతో వచ్చింది. చీకటి గదిలో మగవాళ్ల మధ్య రవిక విప్పి నిలబడనన్నది. "సస్తే సస్త గని గా పని నాతోని గాదు," అని చెప్పి బస్సెక్కి వెళ్లిపోయింది. మళ్లీ ఆమెను తీసుకువచ్చేనాటికి చేయగలిగిందేమీ మిగలలేదు.

"లోపట ఆడమనిషి ఒక్కతె ఉంటే గామె బతుకుతుండె అన్నా," అని రాజేశం నా స్టోరు గదిలో కూర్చుని ఆ మధ్యాహ్నమంతా అదే మాట అన్నాడు.

అప్పటి నుంచి సెలవు దొరికితే చాలు, సైకిలు మీదనో బస్సు మీదనో ఊళ్లు తిరిగేవాడు. మెట్రిక్ పాసైన పిల్లలున్న ఇళ్లు వెతికి అరుగుల మీద కూర్చుని చెప్పేవాడు. "ఆదిలాబాద్‌ల మిషను వెడుతుండ్రు. బొగ్గు గనులకాడ వెడుతుండ్రు. క్షయ దవాఖాన్లకు ఒక్కొక్కటి వస్తుంది. నడిపేటోళ్లు లేక పెట్టెల్నే పండుతున్నయ్. ఒక్క సంవత్సరం నేర్చుకుంటే కొలువు పిలిచి ఇస్తరు. ఆడపిల్లలకైతే ఇంక జల్ది." వినేవారు కొలువు మాట విని ముందుకు జరిగేవారు, అతని చేయి చూసి వెనక్కి జరిగేవారు. సుల్తానాబాదులో ఒక పెద్దమనిషి అననే అన్నాడు:

"కొలువు మంచిదే సారూ. గని గా చెయ్యి జేబుల వెట్టుకొని చెప్పరాదు?"

"జేబుల వెట్టుకొని చెప్తే నీ బిడ్డను మోసం జేసినట్టు గాదా?" అన్నాడట రాజేశం. ఆ చేయి ఎన్నడూ దాచుకోలేదు. వట్టి చేతులతో తిరిగి వచ్చేవాడు.

చివరికి మా ఇంటికి వచ్చాడు. మా సుగుణ పి.యు.సి. పాసై ఇంట్లో ఉన్నది. నన్ను అడగక ముందు ఆమెనే అడిగాడు. "కాకా, నేను పోత," అని ఆమె ఒక్క మాటలో చెప్పింది. నా భార్య సత్తెమ్మ చాయ గ్లాసు అతని ముందు పెట్టి నిలబడింది.

"తమ్మీ, ఒక్క మాట అడుగుత, ఏమనుకోకు. గంత మంచి కొలువైతే నీ కొడుకునెందుకు వెట్టలే?"

మల్లేశం అప్పటికే సిరిసిల్లలో సాంచెల మీద, అంటే కరెంటు మగ్గాల మీద, పనిలో కుదిరాడు. రాజేశం చాయ గ్లాసు తిప్పుకుంటూ, "వాడా వదినా? చీకట్ల రెండు నిమిషాలు కూసుంటే బీడీ అంటిస్తడు. ఫిల్ములన్ని నల్లగైతయ్," అన్నాడు. సుగుణ నవ్వింది, నేనూ నవ్వాను. సత్తెమ్మ నవ్వలేదు. అతడు వెళ్లిన తరువాత, "నవ్వులాటకు చెప్తే అయితదా? తన పిల్లగాన్ని సాంచెలకు తోలి మన పిల్లను గండంల నూకుతడా?" అన్నది. సుగుణ దరఖాస్తు పెట్టింది. వద్దనే ధైర్యమూ పొమ్మనే ధైర్యమూ లేక ఊరుకున్నాను.

ఆ దరఖాస్తు పోయిన కొద్దికాలానికే రాజేశం పడకెక్కాడు. రక్తం క్షీణించిపోతున్నది. ఎక్కించిన రక్తం నిలవడం లేదు. డాక్టరు గారిని ఏకాంతంగా అడిగాను, ఇది ఆ కిరణాల వల్లనేనా అని. "ఔనని చెప్పలేను, కాదని చెప్పలేను," అన్నారు. ఆయన అబద్ధమాడి ఉంటే బాగుండేదని ఆ రోజు అనిపించింది. అంతలో సుగుణకు హైదరాబాదులో సీటు వచ్చింది. పదమూడవ తేదీ సోమవారం సాయంత్రం లోపల చేరకపోతే అది మరొకరికి పోతుంది.

ఆ ఆఖరి వారాల్లో సుగుణ రోజూ మధ్యాహ్నం అతని ఇంటికి పోయేది. దవాఖానలో పాతబడి మూలపడ్డ సీసపు తొడుగులను డాక్టరు గారి అనుమతితో తెప్పించి, అవి తొడుక్కుని తెగిన నూలు పోగును ముడివేయమనేవాడు. సాలె ఇంటి పిల్లలు కళ్లు మూసుకుని వేసే ముడి అది. ఆ మొద్దు తొడుగుల్లో మా అమ్మాయికి పోగు దొరికేదే కాదు. ఒకరోజు విసుగెత్తి తొడుగు తీయబోయింది.

"తియ్యకు," అన్నాడు రాజేశం, మంచం మీద నుంచి తల ఎత్తి. "తొడుగుల పని రాదని తీసేసినోన్ని నేను. నీకు పని తొడుగుల్నే రావాలె."

మరి కొన్ని రోజులకు ముడి పడింది. వంకరగా, పెద్దగా, చూడడానికి అసహ్యంగా ఉంది. దాన్ని అతడు తన ముఖానికి దగ్గరగా పెట్టుకుని చూసి, "గిది మగ్గం మీదికైతే మా బాపు తంతుండె. దవాఖాన్లకు శాన," అన్నాడు.

శుక్రవారం నేను ఒంటరిగా వెళ్లాను. "తమ్మీ, నా సొంత తమ్మునిలెక్క చెప్పు. పిల్లను పంపాలెనా, వద్దా?" అని అడిగాను.

"భయమైతుందా అన్నా?"

"అయితుంది. రాత్రి నిద్ర వస్తలేదు."

అతడు ఆ ఎడమచేతిని దుప్పటి మీదికి తీశాడు. "నేను హైదరాబాద్ పోయిననాడు మా అవ్వ బాపు భయపడకు బిడ్డా అని తోలిండ్రు. దవాఖాన్ల గూడ అందరు గదే మాట. నేను భయపడలే. జర భయపడి ఉంటే గీ చెయ్యి దినాం లోపట వెట్టకపోదును. పంపుడు, పంపకపోవుడు నీ ఇష్టం. పంపితే మటుకు భయపడకు అని చెప్పకు."

నాతో అతడు మాట్లాడిన చివరి సంగతి ఇదే. రెండో రోజున పోయాడు.

ఆదివారం సాయంత్రం మానేరు ఒడ్డున దహనం జరిగింది. ఎక్స్-రే గది వరండాలో ఎప్పుడో ఒకప్పుడు కూర్చున్న మనుషులు ఎంతమంది వచ్చారో లెక్క పెట్టలేదు. స్నానాలై, పొయ్యి వెలగని ఆ ఇంటికి సత్తెమ్మ అన్నం వండి తీసుకువెళ్లింది. సుగుణా నేనూ వెంట వెళ్లాం. లచ్చవ్వ ముద్ద నోట పెట్టకుండా మా అమ్మాయినే చూస్తూ, "తెల్లారి పోతవా బిడ్డా?" అని అడిగింది.

"యాడికి పోతది లచ్చవ్వా," అన్నది సత్తెమ్మ. "గిదంత చూసినంక ఏ తల్లి పంపుతది? సీటు పోతే పోనీ."

మల్లేశం తడి తువ్వాలు భుజాన వేసుకుని గోడకు ఆనుకుని ఉన్నాడు.

"పెద్దవ్వా, బాపు మొదలు నన్నే అడిగిండు. మూడేండ్లు అడిగిండు. గా చెయ్యి చూసి నేనే భయపడి సాంచెలకాడికి ఉరికిన. మీ ఇంట్ల బీడీ ముచ్చట చెప్పిండట గదా." అతడు తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు. "నేను బీడీయే తాగ."

సత్తెమ్మ అన్నం గిన్నె మీద మూత సరిచేసింది, సరిగానే ఉన్న మూతను మళ్లీ సరిచేసింది.

పద్దెనిమిదేళ్ల స్నేహంలో ఆ మనిషి తన చేతిని లోకం ముందు దాచలేదు. కొడుకు పిరికితనాన్ని మాత్రం ఒక నవ్వు చాటున దాచిపెట్టి, మా ఇంటి అనుమానాన్ని తన మీద వేసుకుని వెళ్లిపోయాడు. మిషన్లు ఇంకా వస్తాయి, మంచివి వస్తాయి, నడిపేవారూ దొరుకుతారు. కాని లైటు ఆర్పిన గదిలో, ఎక్కడి నుంచో వచ్చిన భయస్థుడికి "నాకు గూడ కనవడ్తలేదు, జర ఆగు" అని చెప్పే ఆ గొంతు ఇక వినబడదు. ఆ గొంతు కోసం చెవి ఒగ్గి ఉండడమే ఈ ముసలివాడు సమర్పించగల అంజలి.

13వ తేదీ, సోమవారం. నేను లేచేసరికి వంటింట్లో రొట్టెల చప్పుడు వినిపిస్తున్నది. సత్తెమ్మ జొన్నరొట్టెలు గుడ్డలో కట్టి సుగుణ ట్రంకు పెట్టె మీద పెట్టింది. హైదరాబాదులో ఉద్యోగం చేస్తూ ఆమె కోసమే వచ్చిన మా పెద్దవాడు తోడు వెళ్తున్నాడు. బస్సు దగ్గర మా అమ్మాయి కాళ్లకు మొక్కింది. తండ్రి అన్నవాడు ఎవడైనా అనే మాటే నా నాలుక చివరికి వచ్చింది. మింగేశాను.

"భయపడుతనే ఉండు బిడ్డా," అన్నాను.

పక్కన నిలబడ్డవాళ్లు నా వైపు వింతగా చూశారు. "సరే బాపూ," అన్నది సుగుణ.

బస్సు కదిలింది. ఆమె కిటికీలో నుంచి ఎడమచేయి బయటికి చాపి ఊపింది. శుభ్రమైన గోళ్లు, ఐదు నిండు వేళ్లు. లోపలి నుంచి కండక్టరు కేక వేశాడు.

"ఎవలది గా చెయ్యి? లోపటికి తీస్కో బిడ్డా."

ఆమె వెంటనే తీసుకున్నది.